గొలుసు పట్టిన చెయ్యి



కుక్కను పెంచుకొనే ఇళ్ళకు మేము వెళ్ళినప్పుడెల్లా గేటు దగ్గర తప్పక వినబడే మాట ఒకటున్నది. "రండి అయ్యగారూ, భయపడకండి, మా కుక్క ఎవరినీ ఏమీ అనదు!" ఆ మాటలో అబద్ధము లేదు. ఆ ఇంటి పసిబిడ్డ తోక పట్టుకొని లాగినా ఆ కుక్క కిమ్మనదు. అయితే అదే కుక్క గేటు దాటి, పొలము దాటి, అడవి అంచుకో సముద్రపు ఒడ్డుకో వెళ్ళినప్పుడు ఏమి చేయుచున్నది? ఆ సంగతి ఇంటివారికి తెలియదు. ఎందుకంటే అక్కడ వారు లేరు.

లోకములో అనేక దేశాలు కుక్కను గొలుసుతో పట్టుకొని నడిపించాలని చట్టాలు చేశాయి. మనుష్యులను కరవకుండా చేసినవి కొన్ని. అడవిలోను, గడ్డి మైదానాలలోను, ఇసుక తిన్నెలలోను బ్రతికే నోరులేని ప్రాణులను కాపాడుటకు చేసినవి మరికొన్ని. ఈ రెండవ రకము చట్టాలు వినగానే చాలామందికి నవ్వు వస్తుంది. "పిట్ట కోసం కుక్కను కట్టెయ్యాలా?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే దేశము న్యూజిలాండ్. కనుక ముందుగా అక్కడికి వెళ్దాము.

ఒక్క కుక్క – కొద్ది వారాలు

న్యూజిలాండ్ ఉత్తర కొసన వైటాంగి అనే ప్రాంతములో ఒక అడవి ఉన్నది. 1987వ సంవత్సరములో ఆ అడవిలో సుమారు 900 కివి పక్షులు ఉండేవని అంచనా. మైకేల్ టబోర్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు వాటి జీవన విధానము తెలుసుకొనుటకు కొన్ని పక్షుల కాళ్ళకు చిన్న రేడియో పరికరాలు కట్టి, అవి ఎక్కడ తిరుగుచున్నవో గమనిస్తూ ఉన్నాడు.

ఆ ఏడు ఆగస్టు చివరి నుండి ఆ పక్షులు ఒకదాని తరువాత ఒకటి చచ్చి కనబడసాగాయి. ఒళ్ళంతా కుక్క పళ్ళ గాట్లు. సెప్టెంబరు ముగిసేసరికి పరికరము కట్టిన పక్షులలో 13 చనిపోయాయి. అంటే సగానికి మించి. పరికరము కట్టని పక్షులు కూడ అదే లెక్కన చచ్చి ఉంటే, అడవి మొత్తము మీద దాదాపు 500 పక్షులు పోయి ఉంటాయని ఆయన లెక్కగట్టాడు. ఇదంతా చేసినది తోడేళ్ళ గుంపు కాదు. ఒక్క ఆడ అల్సేషియన్ కుక్క. చివరకు దానిని కనిపెట్టి కాల్చివేశారు. ఆ దినము నుండి చావులు ఆగిపోయాయి.

ఈ వృత్తాంతములో మా మనస్సును పట్టుకొన్న విషయము ఒకటి ఉన్నది. ఆ కుక్క మెడలో పట్టీ ఉన్నది. అంటే అది ఒకప్పుడు ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచిన కుక్క, ఎవరి చేతినుండో అన్నము తిన్న కుక్క. మెడలో పట్టీ ఉన్నది గాని, ఆ పట్టీకి తగిలించిన గొలుసును పట్టుకొన్న చెయ్యి లేదు. అంతే తేడా.

"కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అన్నది మన సామెత. వైటాంగిలో దెబ్బ కుక్కకే పడింది, ప్రాణము దానిదే పోయింది. తప్పు మాత్రము దానిదేనా? వేటాడుట కుక్క స్వభావము. గొలుసు పట్టుకొనుట మనిషి బాధ్యత. స్వభావమును బట్టి నడచుకొన్న జంతువుకు శిక్ష పడింది, బాధ్యతను వదలుకొన్న మనిషి పేరు ఎవరికీ తెలియలేదు.

ముక్కునుండి దాగలేని పక్షి

కివి ఎందుకు అంత సులువుగా చనిపోతుంది? దానిని కొంచెము తెలుసుకొంటేనే ఈ చట్టాల అర్థము బోధపడుతుంది.

కివి మన నాటుకోడి అంత ఉంటుంది. రెక్కలు పేరుకు మాత్రమే. అవి ఈకలలో దాగి అసలు కనబడవు. ఎగిరే పక్షులకు రొమ్ము ముందు గట్టి ఎముక, దానిమీద మందమైన కండ ఉంటాయి. ఎగరని కివికి ఆ కవచము లేదు. కనుక కుక్క చంపాలని కొరకనక్కరలేదు. ఆటకు నోట కరచుకొని ఎత్తినా దాని రొమ్ము నలిగిపోతుంది.

న్యూజిలాండ్‌లో మొదటినుండి ఉన్న నేలమీది పాలిచ్చే జంతువులు గబ్బిలాలు మాత్రమే. పులి లేదు, నక్క లేదు, పిల్లి లేదు. కివికి శత్రువులు ఆకాశమునుండి కంటితో చూచి వేటాడే గద్దజాతి పక్షులే. అందుచేత ఎండుటాకుల రంగులో కదలక మెదలక ఉండుట, రాత్రిపూట తిరుగుట, పగలు బొరియలో పండుకొనుట దాని రక్షణ. గద్ద కంటికి ఆ దాపరికము చాలును. కాని కుక్క కంటితో వెదకదు, ముక్కుతో వెదకుతుంది. కివి శరీరమునుండి ఘాటైన వాసన వస్తుంది. వాసనకు చీకటి అడ్డము కాదు, బొరియ అడ్డము కాదు. సుమారు 13వ శతాబ్దములో మావోరీ ప్రజలు తమ పడవలలో కుక్కలను తెచ్చారు, తరువాత ఐరోపావారు మరిన్ని జాతులను తెచ్చారు. కివి దాపరికము వాటిముందు పనిచేయలేదు.

గోధుమరంగు కివిలో పొదిగేది మగపక్షి. ఆడపక్షి తన బరువులో దాదాపు అయిదవ వంతు ఉండే గుడ్డును పెట్టి వెళ్తుంది, తండ్రి రెండున్నర నెలలు దాటి దానిమీద కూర్చుంటాడు. ఆ సమయములో ఒక కుక్క బొరియను త్రవ్వితే తండ్రితోపాటు గుడ్డు కూడ పోయినట్టే.

ఇక్కడ ఒక అభ్యంతరము వినబడుతుంది. 1880లలో కుందేళ్ళను అదుపు చేయుటకు తెచ్చి వదలిన స్టోట్ అనే చిన్న జంతువు అంతకంటె ఎక్కువ కివి పిల్లలను చంపుతున్నది గదా, కుక్కల యజమానులను ఎందుకు నిందించాలి అని. మాట నిజమే. కాపుదల లేని అడవులలో నూరు పిల్లలు పుడితే పెద్దవయ్యేవి అయిదే, ఎక్కువ వాటిని తినేది స్టోట్. అయితే అది పిల్లలను చంపుతుంది. కుక్క పెద్ద పక్షులను చంపుతుంది. కాపుదల ఉన్నచోట కివి 40 ఏళ్ళు, అంతకు పైన కూడ బ్రతికి, ఏటేటా పిల్లలను కనగలదు. కుక్కలు విచ్చలవిడిగా తిరిగే ఉత్తర ప్రాంతములో దాని సగటు ఆయుష్షు 13, 14 ఏళ్ళేనని అక్కడి పరిరక్షణ శాఖ చెప్పుచున్నది. పిల్లలు పోయినా తల్లిదండ్రులు ఉంటే మరల వంశము నిలుస్తుంది. తల్లిదండ్రులే పోతే ఏమి నిలుస్తుంది? నేడు ఆ దేశమంతటా మిగిలిన కివి పక్షులు దాదాపు 70,000.

చట్టము ఏమంటున్నది?

న్యూజిలాండ్‌లో 1996లో కుక్కల నియంత్రణ చట్టము వచ్చింది. కుక్కపిల్లకు మూడు నెలలు నిండేసరికి నమోదు చేయించాలి, ఆ నమోదును ఏటేటా కొనసాగించాలి. 2006 జులై నుండి, క్రొత్తగా నమోదయ్యే కుక్కల చర్మము క్రింద గింజంత మైక్రోచిప్ కూడ వేయించాలి (పొలములో పనిచేసే కుక్కలకు మినహాయింపు ఉన్నది). బయటకు తీసికొని వెళ్ళే యజమాని చేతిలో గొలుసు ఉండి తీరాలి. ఎక్కడ గొలుసు తీయవచ్చు, ఎక్కడ తీయరాదు, ఎక్కడికి కుక్కను అసలే తీసికొని రారాదు అన్నది స్థానిక సంస్థలు నిర్ణయించి బోర్డులు పెడతాయి. జాతీయ వనాలలోనికి అనుమతి లేకుండ కుక్క పోరాదు. రక్షిత పక్షినో జంతువునో కుక్క చంపితే దాని యజమానికి మూడేళ్ళవరకు జైలు గాని, 20,000 డాలర్లవరకు జరిమానా గాని పడవచ్చును.

ఆక్లండ్ నగరములో మన తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడి ఉన్నాయి. అక్కడ సముద్రపు ఒడ్డుకు కుక్కను తీసికొని వెళ్ళేవారు ఆ బోర్డులను చదివి నడవవలసిందే. డాటరెల్ అనే చిన్న పక్షి ఆ ఇసుకలోనే, గూడు కట్టకుండనే, గుడ్లు పెడుతుంది. ఇసుక రంగులోనే గుడ్డు రంగు. కాలి క్రింద పడినా తెలియదు.

కుక్కలకు "కివి జోలికి పోవద్దు" అని నేర్పే శిక్షణ కూడ అక్కడ ఉన్నది. కివి బొమ్మనో, చచ్చిన కివి కళేబరమునో దారిలో ఉంచుతారు. కుక్క దాని దగ్గరకు పోగానే మెడపట్టీ ద్వారా చిన్న విద్యుత్తు చురక తగులుతుంది. ఆ వాసనకు దూరముగా ఉండుట కుక్క నేర్చుకొంటుంది. అయితే శిక్షణ ఇచ్చేవారే ఒక మాట హెచ్చరిస్తారు: ఇది గొలుసుకు బదులు కాదు. పాఠము మరచిపోయే రోజు ఉంటుంది.

కరవని కుక్క సంగతి

"మా కుక్క పిట్టలను పట్టదు, ఊరికే పరుగెత్తుతుంది" అనేవారు ఉన్నారు. వారి కోసము ఇంగ్లండ్ చట్టమును చూద్దాము. అక్కడ 2000వ సంవత్సరములో చేసిన ఒక చట్టము కొండలు, బీడు భూములు వంటి ప్రదేశాలలో ప్రజలందరికీ కాలినడకన తిరిగే హక్కు ఇచ్చింది. హక్కుతోపాటు ఒక షరతు పెట్టింది. మార్చి 1 నుండి జులై 31 వరకు ఆ నేలమీద కుక్కను 2 మీటర్లకు మించని తాడుతో పట్టుకోవాలి. పశువులు మేసేచోట ఏడాది పొడుగునా అలాగే పట్టుకోవాలి.

ఆ అయిదు నెలలే ఎందుకు? నేలమీద గుడ్లు పెట్టే పక్షులు పొదిగి పిల్లలను లేపే కాలము అది. మన తీతువు పిట్టకు దగ్గరి బంధువైన ల్యాప్‌వింగ్ వాటిలో ఒకటి. కుక్క దగ్గరకు రాగానే తల్లి గుడ్లను విడిచి లేచిపోతుంది. కుక్క వాటిని ముట్టుకోకపోవచ్చును. కాని తల్లి లేచినంతసేపు గుడ్లు చల్లబడతాయి. లేదా పైనుండి కాకి చూస్తుంది. ఉదయమంతా పదిమంది పది కుక్కలతో ఆ దారిన పోతే తల్లి పదిసార్లు లేవాలి. ఏ కుక్కా కరవలేదు. అయినా గుడ్లు పిల్లలు కాలేదు. పది మంది యజమానులూ ఇంటికి వెళ్ళి, "మా కుక్క ఏమీ చేయలేదు" అని నిజాయితీగానే చెప్పుకొంటారు.

మరొక సంగతి కూడ దాచక చెప్పాలి. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు శివారు వనాలలో జరిపిన పరిశోధన 2007లో వెలువడింది. తాడుతో పట్టుకొని నడిపించిన కుక్కలు పోయిన దారిలో కూడ పక్షుల జాతులు 35 శాతము, పక్షుల సంఖ్య 41 శాతము తగ్గినట్టు అందులో తేలింది. అందుచేతనే కొన్ని చోట్ల "గొలుసుతో రండి" అనక "కుక్కను తేవద్దు" అంటారు. గొలుసు అన్నిటికీ మందు కాదు. కాని గొలుసే లేనిచోట మరే మందూ పనిచేయదు.

అదే ముక్కు, అదే అడవి

ఇంతవరకు చదివి కుక్కమీద కోపము తెచ్చుకోవద్దు. న్యూజిలాండ్ నైరుతి తీరములో రెజల్యూషన్ అనే ద్వీపమున్నది. 1894 నుండి రిచర్డ్ హెన్రీ అనే ఆయన అక్కడ పక్షుల సంరక్షకుడుగా పనిచేశాడు. ఎగరలేని కాకాపో చిలుకలను, కివి పక్షులను పెద్ద నేలమీదినుండి పట్టి, క్షేమముగా ఉంటాయని ఆ ద్వీపానికి పడవలో చేర్చుట ఆయన పని. దట్టమైన అడవిలో వాటిని కనిపెట్టినది ఎవరు? ఆయన కుక్క. ఎద్దు మూతికి చిక్కము కట్టినట్టు దాని మూతికి చిక్కము కట్టి ఆయన వెంట తీసికొనిపోయేవాడు. అలా వందలాది పక్షులను తరలించాడు. కొన్నేళ్ళకు స్టోట్ ఈదుకొంటూ ఆ ద్వీపమును చేరినందున ఆయన శ్రమ చాలావరకు వృథా అయ్యింది. కాని ఆయన చూపిన దారి వృథా కాలేదు. నేటికీ ఆ దేశములో శిక్షణ పొందిన కుక్కలు మూతికి చిక్కముతో, యజమాని వెంట నడచి, అరుదైన పక్షుల జాడ కనిపెట్టి వాటి సంరక్షణకు తోడ్పడుచున్నాయి.

గమనించండి. వైటాంగి అడవిలో పక్షులను వెదకి చంపినదీ కుక్క ముక్కే. రెజల్యూషన్ ద్వీపానికి పక్షులను వెదకి చేర్చినదీ కుక్క ముక్కే. ఒకదాని వెంట మనిషి లేడు, రెండవదాని వెంట మనిషి ఉన్నాడు.

మన ఒడ్డున

"ఇవన్నీ పరదేశపు సంగతులు, మనకెందుకు?" అనుకోవద్దు. శ్రీకాకుళము నుండి క్రిందికి మన ఆంధ్ర తీరమంతటా చలికాలము చివర, ముఖ్యముగా జనవరి నుండి మార్చి వరకు, ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకు వస్తాయి. ఇసుక త్రవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, గుంట పూడ్చి, తెల్లవారకముందే తిరిగి సముద్రములోనికి పోతాయి. ఆ గుడ్లకు కాపలా ఎవ్వరూ లేరు. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు ఇసుకలోనుండి పైకి వచ్చి నీటివైపు ప్రాకుతాయి. వెయ్యి పిల్లలలో పెద్దదయ్యేది ఒక్కటేనని సాధారణముగా చెప్పుదురు.

ఆ గుంటలను వాసన పట్టి త్రవ్వేవి కుక్కలు, నక్కలు. అందుకే విశాఖపట్నము మొదలగు చోట్ల అటవీశాఖవారు, స్వచ్ఛంద సేవకులు తెల్లవారుజామున ఒడ్డు వెంట నడచి, గుడ్లను ఏరి, కంచె వేసిన చోట మరల పాతి, పిల్లలు రాగానే సముద్రములో వదలుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేలును మొదటి షెడ్యూలులో చేర్చి, పులికి ఇచ్చిన రక్షణే దీనికీ ఇచ్చింది. ట్రాలర్ వలలలో చిక్కి ఊపిరాడక చచ్చే పెద్ద తాబేళ్ళు అనేకము. ఆ నష్టము వేరు, దానికి వేరే జవాబు కావాలి. ఒడ్డున త్రవ్వబడే గుంటలకు జవాబు మాత్రము మన చేతిలోనే ఉన్నది.

నిజమే, మన ఒడ్డున తిరిగే కుక్కలలో చాలావాటికి యజమాని లేడు. అయితే అవి ఎక్కడనుండి వచ్చాయి? ముద్దుగా ఉన్నప్పుడు తెచ్చుకొని, పెద్దయ్యాక పెంచలేక సంచిలో వేసి ఊరి బయట వదలిన పిల్లలు వాటిలో లేవా? పెరట్లో ఈనిన ఆరు పిల్లలలో ఒకటి ఉంచుకొని అయిదు వదలినవారు మనలో లేరా? గొలుసు వదలుట అంటే కేవలము ఉదయపు నడకలో వదలుట కాదు. అలా వదలివేయుట అన్నిటికంటె పెద్ద వదలుట.

మెట్ట పొలాలలో తీతువు గుడ్లు గులకరాళ్ళ మధ్యన, కౌజుపిట్ట గుడ్లు గడ్డి దుబ్బుల క్రింద ఉంటాయి. నెమలి కూడ నేలమీదనే పొదుగుతుంది. మన వేసవి ఎండలో తల్లి కాసేపు లేచిపోతే గుడ్డు చల్లబడదు, ఉడికిపోతుంది.

ఎవరు బాధ్యులు?

ఈ విషయములో మోషే ధర్మశాస్త్రము రెండు సంగతులను వేరు వేరు చోట్ల చెప్పుట మాకు ఆశ్చర్యము కలిగిస్తుంది. దారిలో పక్షి గూడు కనబడి, తల్లి గుడ్లమీద గాని పిల్లలమీద గాని ఉంటే, తల్లిని పిల్లలతోకూడ పట్టుకొనరాదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము చెప్పుచున్నది. పొడిచే అలవాటు గల ఎద్దు సంగతి ముందే తెలిసి కూడ దానిని కట్టివేయని యజమాని బాధ్యుడని నిర్గమకాండము 21వ అధ్యాయము చెప్పుచున్నది. తల్లిపక్షి బ్రతుకవలెను, జంతువు చేసిన హానికి దాని యజమాని జవాబు చెప్పవలెను. నేటి గొలుసు చట్టాలు ఈ రెండింటికంటె క్రొత్తగా ఏమి చెప్పుచున్నవి?

మన ఇళ్ళలో

కనుక కుక్కను పెంచుకొనే ప్రతి కుటుంబము ఈ కొద్ది సంగతులను కలిసి కూర్చుని మాట్లాడుకోవాలని కోరుచున్నాము.

మొదటిది, గేటు. రాత్రివేళ "కాసేపు తిరిగి వస్తుందిలే" అని వదలవద్దు. వన్యప్రాణులకు ఎక్కువ హాని జరిగేది మనము నిద్రించే వేళలోనే.

రెండవది, గొలుసు. పొలము గట్టున, చెరువు కట్టమీద, తోపులలో, సముద్రపు ఒడ్డున పొట్టిగా పట్టుకొని నడిపించండి. కుక్కకు పరుగు కూడ అవసరమే. దానికి కంచె ఉన్న పెరడో, ఖాళీ మైదానమో చూడండి. జనవరి నుండి మే వరకు తెల్లవారుజామున ఇసుక తిన్నెలకు దానిని తీసికొని పోకుండుట ఇంకా మంచిది.

మూడవది, టీకా. రేబిస్ టీకాతోపాటు డిస్టెంపర్ టీకా కూడ వేయించండి. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో డిస్టెంపర్ సోకి మూడవ వంతు సింహాలు చనిపోయాయి. చుట్టుపట్ల గ్రామాల పెంపుడు కుక్కలనుండి ఆ రోగము వచ్చినదని శాస్త్రజ్ఞులు తేల్చారు. కుక్క పళ్ళు తగలకపోయినా దాని రోగము తగులుతుంది.

నాలుగవది, సంతానము. పెంచలేనన్ని పిల్లలు పుట్టకుండ పశువైద్యునిచేత ఆపరేషన్ చేయించండి. ఒక్క పిల్లను కూడ వీధిలో వదలవద్దు.

అయిదవది, పిల్లలు. గొలుసు పట్టుకొనే పని ఇంటి పిల్లలకు అప్పగించండి. ఎందుకు పట్టుకోవాలో కూడ చెప్పండి. తమకంటె బలహీనమైన ప్రాణికోసము తమకు ఇష్టమైనదానిని కాసేపు ఆపుకొనుట ఆ చిన్న చేతికి ముందుగా తెలియాలి. అది తెలిసిన బిడ్డ రేపు మనుష్యుల మధ్య కూడ అలాగే నడుచుకొంటాడు.

గొలుసు రెండు కొసలు గలది. ఒక కొస కుక్క మెడకు ఉంటుంది. దానికి చట్టము తెలియదు, బోర్డు చదవలేదు, గుడ్లు పొదిగే కాలమేదో ఎరుగదు. అవన్నీ ఎరిగినవాడు రెండవ కొసన ఉన్నాడు. ఆ చెయ్యి వదలకుండ ఉంటే కుక్కా బ్రతుకుతుంది, పిట్టా బ్రతుకుతుంది.